లూసీల్ టీచర్ ఓటు

పొద్దుటి నుంచి లూసీల్ కాలు ఒకచోట నిలవలేదు. టౌన్ హాల్ ముందు, మంచుగుట్ట పక్కన, అధ్యక్షుడి పేరున్న బోర్డు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. వచ్చినవాళ్ళందరికీ ఒకటే పాఠం.

"ఓటు కాగితం మీద మన పెద్దాయన పేరు అచ్చులో ఉండదు. కింద ఖాళీ గీత ఉంటుంది. అక్కడ చేత్తో రాసి, పక్కనున్న గడి నింపండి."

ఎందుకు లేదంటే, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే తొలి ఓటింగ్, అదే తొలి ప్రైమరీ, ఈసారి వేరే రాష్ట్రంలో పెట్టాలని పార్టీ అంది. ఎప్పుడూ ముందుండే న్యూ హాంప్‌షైర్ వాళ్ళకి అది మింగుడుపడుతుందా? మేమే ముందంటూ మొండికేశారు. అధ్యక్షుడూ పంతానికి పోయి ఇక్కడ నామినేషన్ వేయలేదు. రెండోసారి టికెట్ కావాలంటాడు, అడగడానికి మాత్రం రాడు. ఆ అడుక్కునే పనంతా లూసీల్ నెత్తిన పడింది.

"టీచర్ గారూ, ఆయనకి లేని ఆరాటం మీకెందుకండీ?" అన్నాడు మంచు తోసే బండి నడిపే డెల్మర్.

"నీకు ఎక్కాలు రాకపోతే కూడా నేనే ఆరాటపడ్డాను. లోపలికి నడు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది కానీ కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. లోపల ఆమె కూతురు కొలెట్ లెక్కింపు బల్ల సర్దుతోంది.

ఆకులు రాలే రోజుల్లో కొలెట్ కొడుకు రెమీని సైన్యంతో పాటు సముద్రం అవతలికి పంపింది ఈ అధ్యక్షుడే.

"నా కొడుకుని పంపినవాడి బోర్డు నువ్వు మోస్తావా అమ్మా?" అని ఆమధ్య అడిగింది కొలెట్.

"దేశమన్నాక ఎవరో ఒకరు వెళ్ళాలిగా," అంది లూసీల్.

అంతే, మాటలు ఆగిపోయాయి. ఎదురుపడితే కూతురు తల తిప్పుకుంటోంది. లూసీల్ ఆ మాట నోరు జారి అన్నది కాదు, నమ్మే అంది. ఇప్పుడు అదే మాట తనకే గుచ్చుకుంటోంది.

అందరికంటే ముందు ఆమే ఓటు వేసి ఉంటుందని ఊరివాళ్ళ నమ్మకం. ఆమె ఇంకా వేయనేలేదు. తలుపులు మూసేస్తారనగా బోర్డు గోడకి ఆనించి లోపలికి వెళ్ళింది. తెర వెనక పెన్సిల్ పట్టుకుని ఖాళీ గీతనే చూస్తూ నిలబడింది. ఆయనకి వేస్తే కూతురి మొహం ఎలా చూస్తుంది? అచ్చులో ఉన్న పోటీదారు ఒట్టి వాగుడుకాయ. బయట ఎవరో దగ్గారు. గబగబా ఒక పేరు రాసి, మడిచి, పెట్టెలో పడేసి వచ్చింది.

చిన్న ఊరు, యంత్రాలు లేవు. జనం ముందే కాగితాలు ఒక్కొక్కటీ విప్పి లెక్కపెడతారు. కాగితం మీది పేరు పైకి చదువుతారు, చేత్తో రాసిందైనా సరే. అది అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. లూసీల్‌కి మాత్రం కొలెట్ మొదటి కాగితం విప్పి చదివినప్పుడు గాని గుర్తురాలేదు. కుర్చీలో కుదురుగా ఉండలేక లేచి గోడ దగ్గరికి వెళ్ళింది.

కొలెట్ చదువుతోంది. అధ్యక్షుడు, అధ్యక్షుడు, పోటీదారు, అధ్యక్షుడు. ఒక కాగితం దగ్గర ఆగిపోయింది. తనకి అక్షరాలు దిద్దించిన చేతిరాత అది.

"ఏమైందమ్మాయ్?" అన్నాడు పోలింగ్ నడిపించే ముసలి నార్మండ్.

"రెమీ..." కాగితం దగ్గరికి తీసుకుని మళ్ళీ చదివింది. "రెమీ థిబోడో."

నార్మండ్ కాగితం అందుకుని కళ్ళజోడు సవరించుకున్నాడు. పేరైతే ఉంది, పక్కనున్న గుండ్రటి గడి నింపలేదు. గడి నింపండి నాయనా అని ఊరందరికీ నూరిపోసిన మనిషి ఎవరో అక్కడ అందరికీ తెలుసు. ఒక్కరూ అటు చూడలేదు.

"గడి నింపలేదు. పిల్లాడికి ఆ పదవికి వయసూ చాలదు," అన్నాడు నార్మండ్ నెమ్మదిగా. "అయినా రూలు ప్రకారం అడగాలి కదా. ఓటు వేసినవాళ్ళ ఉద్దేశం తెలుస్తోందా?"

కొలెట్ తలెత్తి తల్లి వైపు చూసింది. ఈసారి తల తిప్పుకోలేదు.

"తెలుస్తోంది," అంది. "రాసుకోండి."

లూసీల్ దగ్గరున్న కుర్చీలో కూలబడి, చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. కొలెట్ తర్వాతి కాగితం తీసింది గాని, చాలాసేపు విప్పలేకపోయింది.