నా కాళ్ల మీద ఆమె మొక్కు

పాత రైలుకట్ట మొదట్లోనే ఆటో ఆగిపోయింది.

"ఇంక నడిసేదే సార్. కట్ట మింద ఆటో పోదు," అన్నాడు డ్రైవరు. "అమ్మగారు పొద్దన్నే పోయినారంటే ఈపాటికి చెరువు సగం దాటుంటారు."

నేను ఆటో దిగాను. చెరువు వెంట కట్ట వంపు తిరిగేచోట, తుమ్మచెట్ల సందుల్లో, పసుపు బట్టలు కదులుతున్నాయి. ఆ గుంపులో ఎక్కడో నా భార్య నాగరత్నమ్మ ఉంది, కాళ్లకు చెప్పులైనా లేకుండా. ఆమె మోకాలి పట్టీ నా చేతిలో ఉంది.

ఏటా తిరుమల శనివారాలు వచ్చే పెరటాసి నెలలో నగరి నుంచి మరమగ్గాలవారు జట్లుజట్లుగా తిరుమలకు కాలినడకన వెళతారు. మా పుత్తూరు దాటాక తారురోడ్డు వేడికీ లారీల రద్దీకీ జంకి, కొంత దూరం ఈ కట్ట పట్టుకుంటారు. ఒకప్పుడు రైలు ఈ చెరువును చుట్టి వెళ్లేది. రెండో లైను వేసినప్పుడు ఆ వంపును వదిలి, పట్టాలను అవతలి మిట్ట మీదుగా తిన్నగా వేశారు. ఇక్కడి ఇనుమూ చెక్కా పోయాయి; కట్టా, అక్కడక్కడా కంకరా మిగిలాయి.

నేను కాలేజీలో భౌతికశాస్త్రం బోధించి, ప్రిన్సిపాలుగా పదవీవిరమణ చేసినవాణ్ని. ఇతరుల విశ్వాసాలను ఏనాడూ తూలనాడలేదు. వాటిని నా నెత్తిన రుద్దనివ్వనూ లేదు. వెల్లూరులో నాకు గుండె ఆపరేషను జరుగుతున్న సమయంలో రత్నం బయట బల్ల మీద కూర్చుని మొక్కుకుంది. ఆయన బతికి బయటపడితే ఇంటి గడప నుంచి కొండ దాకా నడిచి వస్తాడు అని. వస్తాను అని కాదు, వస్తాడు అని. నేను మత్తులో ఉండగా నా కాళ్లను ఎవరికో తాకట్టు పెట్టే అధికారం ఎవరికీ లేదని, ఇంటికి చేరిన తరువాత స్పష్టంగా చెప్పాను. అంతటితో ఆ ప్రస్తావన ముగిసిందనుకున్నాను.

నిరుటి పెరటాసి గడిచిపోయింది. ఈ ఏడు పెరటాసి వచ్చిన కొద్ది రోజులకే నాకు స్నానాలగదిలో కళ్లు తిరిగాయి. డాక్టరుగారు రక్తపోటు మాత్ర మోతాదు తగ్గించి, సమస్య ఏమీ లేదన్నారు. ఆ వివరణ నాకు చాలింది. రత్నానికి చాలలేదు. నిన్న సాయంత్రం పెరుగు వడ్డిస్తూ అంది:

"రేపు నగరి మగ్గాలోళ్ల జట్టు మన వీధిన పోతాది. మీరు పోకుంటే నేనే పోతా."

"ఆ మోకాళ్లతోనా?"

"ఇంకొకరి మోకాళ్లు యాడ తెచ్చేది? ఉండేటియి ఇయ్యే."

బెదిరింపు అనుకున్నాను. తెల్లవారి చూస్తే గుమ్మం పక్కన చెప్పులున్నాయి, పట్టీ ఉంది, మనిషి లేదు.

నన్ను రోజూ నడవమని గుండె డాక్టరు చెప్పారు. ఆమెను మెట్లు కూడా ఎక్కవద్దని ఎముకల డాక్టరు చెప్పారు. ఈ రెండు సలహాలనూ తలచుకుంటూ కట్ట మీద వేగంగా నడిచాను. వానలకు నిండిన చెరువు కుడిచేతి పక్కన మెరుస్తోంది. నీటికాకులు మునిగి మరోచోట తేలుతున్నాయి. ఇతర సమయాల్లో నిలబడి చూసేవాణ్ని. ఇప్పుడు నిలబడితే మనసు కుదరలేదు, నడిస్తే ఊపిరి కుదరలేదు. పసుపు బట్టలు దగ్గరవుతున్నట్టే కనిపించి, కట్ట మళ్లీ వంపు తిరగగానే తుమ్మల వెనుక మాయమయ్యేవి. ఆమె ఎక్కడైనా వెనకబడి ఒంటరిగా పడిపోయి ఉంటుందేమోనని ప్రతి పొద వైపూ చూశాను. రెండుసార్లు ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు.

పాత కల్వర్టు దగ్గర జట్టు ఆగి ఉంది. నన్ను చూడగానే వారి పెద్ద, కుప్పయ్య అనే బక్కపలచని మనిషి, ఎదురుగా వచ్చాడు.

"మీరేనా అమ్మ ఇంటాయన? దండం పెడతా సార్, ఆమెను తీసుకపోండి. మధ్యాన్నానికి వడమాలపేట సేరకపోతే ఆడ మాకు అన్నం పెట్టేవాళ్లు ఎంతసేపని సూస్తారు?"

"ఆమెకు ఆరోగ్యం సరిగా లేదని మీకు తెలియదా?"

"తెలిసేటిది ఎట్ల? నడిసేటప్పుడు ఒక్క మాట అనలే. కూసున్నాక లేయలే. సామాన్ల ఆటో ఆ కనపడే పాత రైలుగేటు కాడ ఉండాది, ఎక్కమ్మా అంటే, 'నా పని నేను సూసుకుంటా, నువ్వు గమ్మునుండప్పా' అనింది. పెద్దామె, ఎత్తుకోని పోలేము కదా."

రత్నం కల్వర్టు గోడ మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. పసుపులో ముంచి కట్టుకున్న చీర అంచంతా మట్టి. కుడి మోకాలు చీర మీదుగా కూడా లావుగా తెలుస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"మాత్ర ఏసుకున్నారా?" అని అడిగింది.

"వేసుకోలేదు."

"టిఫిను?"

"రత్నం, లే. ఇంటికి పోదాం."

"లేసే మాటైతే ఇంటికేంటికి? ముందుకే పోతాను."

నేను వంగి పట్టీ బిగించాను. వేళ్లు తగిలినచోటల్లా ఆమె పెదవి కొరుక్కుంది. ఇలా మరో అరమైలు నడిస్తే ఆ మోకాలు ఇక ఎన్నటికీ సరిగా వంగదని నాకు అర్థమైంది. ఆమెకూ తెలుసు. తెలిసే కూర్చుంది.

"నువ్వు చేస్తున్నది తర్కానికి నిలవదు," అన్నాను. "నడుస్తాడని నువ్వు మాట ఇచ్చింది నా గురించి. నువ్వు నడిచినా అది తీరదు."

"తీరదు," అని ఒప్పుకుంది. "అందుకే బయల్దేరినా. నేను ఇట్ల పడి ఉంటే మీరు రాకుండా ఉంటారా?"

కుప్పయ్య అటు తిరిగి దగ్గాడు. జట్టులోని ఆడవాళ్లు ఇద్దరు నవ్వు దాచుకోవడానికి నీళ్ల సీసాలు ఎత్తుకున్నారు. నాకు ముఖం వేడెక్కింది.

"నవ్వులాట కాదు," అంది రత్నం. గొంతు తగ్గింది. "ఆ పొద్దు మీరు స్నానాలగదిలో పడినప్పుడు తలుపు లోపల గడియ. పిలిస్తే పలకలేదు. నేను బయట నిలబడుకోని ఏమనుకున్నానో మీకు తెల్దు. ఆరోజు నుంచి నాకు నిద్దర లేదు. నడుస్తానని ఒక్క మాట చెప్పండి. ఆటో ఎక్కుతా."

ఒక మాట చెప్పి ఆమెను ఆటో ఎక్కించి, సాయంత్రానికి ఇద్దరం ఇంటికి చేరడం సులువు. కాని నేను అన్న మాట తప్పనని ఆమెకు తెలుసు. ఆ ధైర్యంతోనే అడుగుతోంది.

"నడుస్తాను," అన్నాను చివరకు. "డాక్టరు చెప్పారు కాబట్టి, ఆరోగ్యం కోసం నడుస్తాను. మొక్కు కోసం కాదు. నాకు అందులో నమ్మకం లేదు."

"సామికి ఇస్తానన్నది మీ కాళ్లు. మీ అభిప్రాయం ఆయన ఎప్పుడడిగినాడు?"

"బూట్లు విప్పను."

ఆమె నా బూట్ల వంక చూసింది.

"బూట్ల సంగతి నేను మొక్కుకోలేదు. ఏసుకోండి. అయితే మళ్లీ ఇంటికి పోయి గడప నుంచి నడవాల మీరు."

"గడప నుంచా?"

"ఆటోలో వచ్చినారు కదా కట్ట దాకా. ఆ ముక్క మిగిలిపోతాది."

ఇంతవరకూ ఓపిక పట్టిన కుప్పయ్య అప్పుడు గట్టిగా నిట్టూర్చాడు. "అమ్మా, ఆ ముక్క వచ్చే శనివారం నడుస్తారులే. సామి పద్దు రాసుకోడు. ముందు ఆటో ఎక్కు తల్లీ."

ఆమె నన్ను చూసింది. నేను తల ఊపాను. అదీ మాటే అయింది.

గేటు దాకా ఆమెను నేనూ కుప్పయ్యా చెరో చెయ్యి పట్టి నడిపించాం. సామాన్ల మూటల మధ్య కూర్చుంటూ, తన కొంగున ఉన్న మాత్రల పొట్లం తీసి నాకిచ్చింది. అన్నీ నావే. వడమాలపేటలో ఎదురుచూస్తానంది.

"అక్కడ కదలకుండా కూర్చో," అన్నాను.

"మీరు తొందరగా రాండి, కూసుంటా."

ఆటో కనుమరుగైంది. జట్టు గోవిందనామం ఎత్తుకుంది. నేను పలకలేదు, పలకమని ఎవరూ అడగలేదు. మాత్ర మింగి, వారి వెనుక నడిచాను. కంకర బూట్ల కింద జారుతోంది. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపిస్తోంది. అది ఆయాసమో ఆందోళనో తేల్చుకోలేకపోయాను. కాసేపటికి వెనుకనున్నవారు నా వెనుకకు వచ్చారు, మరికాసేపటికి మధ్యనున్నవారు. కుప్పయ్యను కూడా దాటబోతుండగా అతడు నా భుజం పట్టుకున్నాడు.

"నిదానంగా సార్, గుండె ఆపరేసనంట కదా. మీ నడకతో పోతే మావోళ్లు సస్తారు. సామి యాడికీ పోడు, కొండ మిందనే ఉంటాడు."

"స్వామి సంగతి కాదు, కుప్పయ్యా. ఆలస్యమైతే ఆమె మనకు ఎదురు నడిచి వస్తుంది."

కుప్పయ్య ఒక క్షణం నిలబడ్డాడు. తరువాత వెనుదిరిగి, "రాండప్పా, కాళ్లు కదలనీండి," అని జట్టును కేక వేసి, నా పక్కన నడవసాగాడు.