పెట్టే చెయ్యి

చొక్కా కాలరు తిరగేసి, నీళ్లు చిలకరించి, ఇస్త్రీపెట్టె బరువంతా దాని మీద మోపాడు ఇస్త్రీ తాత. ఆవిరి ముఖానికి కొట్టింది. నోరు పిడచగట్టుకుపోతోంది. నీళ్లసీసా బల్ల కిందే ఉంది. అయినా వీధిలో జనం పలచబడేదాకా ఆగి, గోడవైపు తిరిగి, దొంగలా రెండు గుక్కలు తాగాడు.

ఊహ తెలిసినప్పటి నుంచీ రంజాన్ నెలలో పగలు చుక్క నీరు ముట్టి ఎరగడు. ఈసారి మసీదులో వైద్యశిబిరం పెట్టిన నర్సమ్మ అతని షుగరు చూసి గుండెలు బాదుకుంది.

"ఉపవాసమంటూ మొండికేస్తే ఇస్త్రీబల్ల మీదే పడిపోతావ్ బాబాయ్!"

ఇమాంగారైనా తన పక్షం మాట్లాడతారేమోనని ఆశగా చూశాడు. ఆయన కూడా ఆమె వైపే. "రోజుకొక పేదవాడికి కడుపునిండా పెట్టు. నీ ఉపవాసానికి బదులు అదే" అన్నారు.

మింగలేక కక్కలేక ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక మాత్రం పట్టిన పట్టు విడిచే రకం కాదు. వాన పడ్డా, ఒళ్లు తూలినా, సూర్యుడు వాలేసరికి కారియరు పట్టుకుని వంతెన మెట్ల కిందికి వెళ్లేవాడు. అక్కడుండే ముసలి హమాలీకి వడ్డించి, ఎదురుగా గొంతుక్కూర్చునేవాడు.

హమాలీకి అది ప్రాణసంకటం. "నా నోరు చూస్తూ కూర్చుంటే ముద్దెలా దిగుతుందయ్యా తమ్ముడూ? నువ్వూ తిను."

"ఈ నెల నా చెయ్యి పెట్టేదే అన్నా, తినేది కాదు" అనేవాడు తాత. అందులో పుణ్యం కంటే పంతమే ఎక్కువ. ఉపవాసం చేజారిందన్న బాధ అతనికి ఇంకా చల్లారలేదు.

ఆ రోజు కూడా ఆఖరి లుంగీ మడిచి, కొట్టు మూసి బయల్దేరాడు. మెట్ల కింద హమాలీ లేడు. మెట్లూడ్చే ఆమె ఒక్కతే చాప పక్కన కూర్చుని ఉంది.

"మధ్యాహ్నం కునుకులోనే పోయాడన్నా. ఇందాకే మున్సిపాలిటీ వాళ్లు తీసుకెళ్లారు."

తాత అక్కడే కూలబడ్డాడు. ఒళ్లో కారియరు ఇంకా వెచ్చగా ఉంది. దూరంగా మసీదు నుంచి అజాన్ వినబడింది. పైపంచెతో కళ్లు తుడుచుకుని ఆమె వైపు తిరిగాడు.

"మధ్యాహ్నం నుంచి ఏమైనా తిన్నావామ్మా?"

"శవాన్ని ఒంటరిగా వదిలి ఎక్కడికి పోను?"

"కూర్చో అయితే. పళ్లెం ఏదీ?"

ఆమె హమాలీ మూటలోంచి రెండు తీసింది. ఒకటి హమాలీది, సొట్టలు పడ్డది. రెండోది తళతళలాడుతోంది.

"నిన్న నన్ను పంపి నీకోసం కొనిపించాడు. 'రేపు మా తమ్ముడు నాతో తినకపోతే నేనూ ముట్టను' అన్నాడు."

తాత సొట్టల పళ్లెం నిండా ఆమెకు వడ్డించాడు. కొత్తది చాప మీదే ఉంది, అంగడివాడు అంటించిన ధర కాగితం కూడా ఊడకుండా.