ఈల దారి

ఓడెల్ వెండి పళ్లెం మూత ఎత్తి చూసుకున్నాడు. ఖాళీ. ఈ పనిలోకి వచ్చిన నాటినుంచీ అది ఖాళీయే, అయినా బయటికి అడుగుపెట్టే ముందు ప్రతిసారీ ఎత్తి చూడడం అతనికి అలవాటైపోయింది. మూత బోర్లించి, పళ్లేన్ని అరచేతి మీద నిలుపుకుని, పెదవులు తడుపుకున్నాడు. బయట గంట మోగింది. నోటితో ఈల వేయడం మొదలుపెట్టి గడప దాటాడు.

ఒకప్పుడు పత్తితోటల దొరలు ఉండిన ఈ ఆల్డర్లీ బంగళాలో వంటిల్లు విడిగా, పెరటివైపు ఉంటుంది. అక్కణ్నుంచి భోజనాల గది దాకా ఇటుకలు పరిచిన దారి, పైన చెక్క కప్పు. దారికి రెండువైపులా తాళ్లు కట్టి, టిక్కెట్టు కొన్నవాళ్లని వాటి వెనక నిలబెడతారు. బంగళా చూపించే హ్యాలీ పాతకాలపు దొరసానిలా గంపంత గౌను వేసుకుని, వాళ్ల మధ్య నిలబడి కథ చెబుతుంది. పిల్ల మంచిదే. కథ చెప్పేటప్పుడు మాత్రం కళ్లు మరీ చక్రాల్లా తిప్పుతుంది.

“ఆ రోజుల్లో వంట మోసుకెళ్లే బానిసలు ఈ దారి పొడుగునా ఈల వేస్తూ నడవాలండీ. ఎందుకో చెప్పుకోండి చూద్దాం! ఈల వేసే నోరు నమలలేదు కదా. ఈల ఆగిందా, దొరగారి ముద్ద దారిలోనే మాయమైనట్టు లెక్క. ఇక వీపు చిట్లిపోయేది.”

అక్కడ జనం నవ్వుతారు. కొందరు నవ్వాక సిగ్గుపడతారు. అంతలో ఇత్తడి గుండీల నల్లకోటు, తెల్ల గ్లౌజులు తొడుక్కున్న పొడుగాటి ముసలి నల్లమనిషి, మెడ కొంచెం ముందుకి వంచి, పళ్లెం పట్టుకుని వస్తాడు. అతని ఈల చెవిన పడగానే నవ్వులు ఆగిపోతాయి. ఆదివారం ప్రార్థనల పాట అది. గొంతు లేకుండా పాడుతున్నట్టే ఉంటుంది. చివర అందరూ చప్పట్లు కొడతారు. ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఆ చప్పట్లు ఓడెల్‌కి ఇష్టమే. వయసులో ఉన్నప్పుడు అతన్ని ఎవరూ ఎందుకూ మెచ్చుకోలేదు.

ఇష్టం కానిది ఒక్కటే. ఈ సంగతి అక్కకి తెలియకూడదు.

అక్క వెర్నీస్ దృష్టిలో ఓడెల్ ఇక్కడ తోటమాలి. మొదట్లో నిజంగానే తోటమాలి. తల్లి పోయాక అతన్ని ఎత్తుకుని తిప్పి, తన గౌన్లు కత్తిరించి చొక్కాలు కుట్టి పెంచింది వెర్నీస్. అప్పట్లో ఇంట్లో నాయనమ్మ ఉండేది. ఆమెకి నాయనమ్మ అయినావిడ ఈ బంగళావాళ్ల బానిస అనేవారు. ఇంట్లో ఎవరైనా ఈల వేశారంటే చాలు, ఆ ముసలామె ఏ పనిలో ఉన్నా లేచొచ్చి మూతి మీద ఒక్కటిచ్చేది. కొట్టి, తర్వాత తనే కూర్చుని ఏడ్చేది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, బహుశా ఆమెకీ ఎవరూ చెప్పలేదేమో. ఓడెల్ పత్తిచేల చివరకి పోయి, అక్కడ కడుపునిండా ఈల వేసుకుని వచ్చేవాడు.

తోటపనిలో చేరిన కొత్తలో, పొదల అవతలినుంచి ఈ ఈల కథ మొదటిసారి విన్నాడు. పైపులోంచి నీళ్లు మడి నిండి కాళ్ల మీదికి వచ్చినా కదల్లేకపోయాడు. ఆ సాయంత్రమే అక్కకి చెప్పాలనుకున్నాడు. అన్నం తిన్నాక చెబుదామనుకున్నాడు, తర్వాత పొద్దున్న చెబుదామనుకున్నాడు. కొన్నాళ్లకి పళ్లెం మోసే మనిషి పని మానేస్తే, మొక్కల మధ్య ఓడెల్ ఈల విని మేనేజరు ఈ కోటు చేతిలో పెట్టాడు. ఎండలోంచి నీడలోకి వచ్చాను, అంతేగా అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. ఇక అప్పట్నుంచీ అక్కకి చెప్పే దారే మూసుకుపోయింది. తెలిస్తే ఆమె తిట్టదు. తిట్టినా బాగుండును. ఊరికే ఒక చూపు చూస్తుంది, ఆ చూపు ముందు అతను నిలబడలేడు.

ఆమె ఈ గేటు దాటదన్నదొక్కటే ధైర్యం. చర్చివాళ్లు ఈ పచ్చికలో విందులు పెట్టుకున్నా వెర్నీస్ రాలేదు. “ఆ ఇంటి నీళ్లు నేను ముట్టను,” అనేది.

ఈరోజు మిసిసిపీ మీద పర్యాటకుల పడవ వచ్చి ఆగింది. పొద్దుటినుంచీ గుంపు వెనక గుంపు. ఆ హడావిడిలో ఓడెల్ సూదిమందు వేసుకున్నాడు గానీ, మధ్యాహ్నం తిండిడబ్బా ఇంట్లో బల్ల మీదే వదిలేసి వచ్చాడు. చక్కెర జబ్బు మనిషికి ఇది ఆటలాడే విషయం కాదు. జేబులో ఎప్పుడూ ఉండే పిప్పరమెంట్లు కూడా లేవు, కోటు నిన్ననే చాకలికి వెళ్లి వచ్చింది. ఒక గుంపు పోయి ఇంకో గుంపు వచ్చేలోగా ఎవరినైనా ఏదైనా అడగాలి అనుకోవడం, ఇంతలో గంట మోగడం. కడుపులో ఎలుకలు పరిగెత్తడం ఎప్పుడో ఆగిపోయి, ఇప్పుడు వేళ్లలో సన్నటి వణుకు మొదలైంది.

భోజనాల గదిలో పళ్లెం దించగానే గుంపులో ఒకావిడ దగ్గరికి వచ్చింది. “ఏమీ అనుకోకండి, మీరు ఇక్కడివారేనా? అంటే... మీ పెద్దవాళ్లు ఈ బంగళాలో...?”

“అవునమ్మా. ఈ ఊళ్లోనే మా ఇల్లు.”

ఆవిడ నొచ్చుకుని పక్కకి తప్పుకుంది. ఎర్రటి టోపీ పెట్టుకున్న పెద్దమనిషి పళ్లెం అడిగి తీసుకుని, తనూ మూతి సున్నాలా చుట్టి, భార్య చేత ఫోటో తీయించుకున్నాడు. కళ్లజోడాయన ఒకడు హ్యాలీతో వాదనకి దిగాడు.

“ఈ ఈల సంగతి కట్టుకథ అని చదివానే! దీనికి సాక్ష్యం ఎక్కడుంది?”

“ఉండకపోవచ్చండీ,” అంది హ్యాలీ నవ్వుతూ, “మాకు చెప్పినట్టే మేం చెబుతున్నాం.”

ఓడెల్ పెదవుల మీద నాయనమ్మ అరచెయ్యి చురుక్కుమంది. పళ్లెం తీసుకుని వంటింటివైపు నడిచాడు. నుదుటి మీద చెమట చల్లగా ఉంది. ఇటుకలు కొంచెం పైకీ కిందికీ ఊగుతున్నట్టనిపించింది.

వంటింట్లో, చల్లారిపోయిన పొయ్యి పక్కన, చర్చికి వెళ్లే టోపీ పెట్టుకుని వెర్నీస్ నిలబడి ఉంది. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో తిండిడబ్బా.

ఓడెల్ గడపలోనే ఆగిపోయాడు.

“అక్కా! నువ్వెందుకొచ్చావు?”

“నీ పిచ్చిమొహానికి తిండిడబ్బా మర్చిపోయావని వచ్చాను. పక్కింటివాడు బండిలో దించాడు.” ఆమె అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. బూట్లు, ఇత్తడి గుండీలు, చేతులు. “ఈ వేషమేంట్రా డెల్? మొక్కలకి నీళ్లు పోయడానికి గ్లౌజులు కూడా ఇస్తున్నారా?”

“అది... ఈరోజు పడవవాళ్లు వచ్చారు. నువ్వు బయల్దేరక్కా. నేను తింటాలే.”

“నా ఎదురుగా తిను. చేతులు చూసుకో, ఎట్లా వణుకుతున్నాయో.”

“తర్వాత తింటానన్నానా! వెళ్లమంటే వెళ్లవేం?”

జీవితంలో అతను ఆమె మీద గొంతు పెంచింది అదే మొదటిసారి. వెర్నీస్ కోపం తెచ్చుకోలేదు. అతని చేతిలోంచి పళ్లెం లాక్కుని బల్ల మీద పెట్టింది, మూత తీసింది, డబ్బా విప్పింది. ఇంట్లో కాల్చిన చిలగడదుంపలు రెండు, మొక్కజొన్న రొట్టె ముక్క ఆ వెండిలో పెట్టింది.

“ఖాళీ కంచం పట్టుకు తిరుగుతున్నావు, బుద్ధి లేకపోతే సరి. కూర్చో.”

బయట అడుగుల చప్పుడు. తాళ్ల వెనక గుంపు సర్దుకుంటోంది. “ఆ రోజుల్లో వంట మోసుకెళ్లే బానిసలు,” అని హ్యాలీ మొదలుపెట్టింది. తలుపు తీసే ఉంది. ఒక్కొక్క మాటా లోపలికి వస్తోంది. ఓడెల్ ఆ తలుపువైపు తిరిగాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. వెర్నీస్ తల తిప్పి వింటోంది. ఈల వేసే నోరు నమలలేదు కదా, అంది హ్యాలీ. జనం నవ్వారు. వెర్నీస్ చెయ్యి మెల్లగా పైకి లేచి, తన మూతి మీదికి వెళ్లింది. చిన్నప్పుడు దెబ్బ తిన్నచోటే.

గంట మోగింది.

ఎన్నేళ్ల అలవాటో, ఓడెల్ చేతులు వాటంతటవే మూత పెట్టాయి, పళ్లెం ఎత్తాయి. పెదవులు తడుపుకున్నాడు. అక్క ముఖంలోకి చూడకుండా గడప దాటాడు. ఈల మొదలైంది.

ఇంత బరువుగా పళ్లెం ఎప్పుడూ లేదు. మూత అంచులోంచి చిలగడదుంప తియ్యటి వాసన ముక్కుకి తగులుతోంది. నోట్లో నీళ్లు ఊరి ఈల తడబడింది, సరిచేసుకున్నాడు. ఆకలితో ఉన్నాడు, చేతిలో తిండి ఉంది, నోరు ఈల వేస్తోంది. ఇన్నాళ్లూ తను మోసింది ఖాళీ పళ్లేన్ని. అప్పటివాళ్లు మోసింది దీన్ని. ఆ సంగతి అతని బుర్రకి కాదు, కడుపుకి ఎక్కింది. దారి సగానికి వచ్చాడు. వెనకనుంచి కర్ర చప్పుడు వినిపించింది. వెర్నీస్ గడపలోకి వచ్చి నిలబడింది.

అక్కడ, సగం దారిలో, ఈల ఆగింది.

రెండువైపుల జనమూ ఒక్కసారిగా అతని నోటివైపు చూశారు. హ్యాలీ చెప్పిన కథ విన్నాక ఎవరైనా అటే చూస్తారు. గాలి కూడా లేదు. ఫోన్లు పట్టుకున్న చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి. ఎవరో కిసుక్కుమని నవ్వి, పక్కవాళ్లు నవ్వకపోవడంతో ఆపేశారు.

“ఓడెల్ గారూ,” అని హ్యాలీ గొంతు తగ్గించి అంది, “ఈల.”

ఓడెల్ దారి పక్కనున్న చెక్కబల్ల మీద పళ్లెం పెట్టాడు. మూత తీసి పక్కన పెట్టాడు. గ్లౌజులు ఒక్కొక్క వేలూ లాగి విప్పి పళ్లెంలో పడేశాడు. చిలగడదుంప తీసుకుని, వణికే వేళ్లతో తొక్క ఒలిచి, కొరికాడు. పెద్ద ముద్ద. బుగ్గ ఉబ్బింది. భయం భయంగా, ఎవరో వెనకనుంచి లాక్కుంటారన్నట్టు గబగబా మింగబోయాడు. పొలమారింది.

వెర్నీస్ కర్ర పొడుచుకుంటూ ఇటుకల మీద నడిచి వచ్చింది. వీపు మీద అరచెయ్యి వేసి రాసింది.

“నమిలి తినరా డెల్,” అంది. “తొందరేం లేదు.”

అతను నమిలాడు. కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం మీదికి వచ్చినా తుడుచుకోలేదు. రెండు దుంపలూ తిన్నాడు, రొట్టె తిన్నాడు. ఫోన్లు ఒకటొకటిగా కిందికి దిగాయి. వణుకు తగ్గింది. అక్క చూపు కోసం భయపడుతూ తల ఎత్తాడు. ఆమె చూస్తున్నది అతని వంక కాదు, భోజనాల గది వంక.

“నాయనమ్మకి ఈ ముక్క తెలిసుంటే బాగుండేది,” అంది. “తనెందుకు ఏడుస్తోందో తనకైనా అర్థమయ్యేది.”

“నాకు తెలుసక్కా. ఎప్పట్నుంచో తెలుసు. తెలిసే చేశాను.”

వెర్నీస్ అతని గడ్డం మీది తడి తుడిచింది. “ఈల బాగా వేస్తావు,” అంది. “ఇంటికెళ్లాక వెయ్యి. వంటింట్లో కూర్చుని వింటాను.”

ఓడెల్ కోటు విప్పి, మడిచి, హ్యాలీకి ఇచ్చాడు. ఆ పిల్ల ముఖం తెల్లబోయి ఉంది. “ఒంట్లో బాలేదా? రేపు వస్తారా?” అని అడిగింది.

“రానమ్మా,” అన్నాడు మెత్తగా. “నువ్వు మంచిదానివే. మేనేజరుతో ఇక రానన్నానని చెప్పు.”

జనం తాడు ఎత్తి దారిచ్చారు. ఇందాకటి ఎర్ర టోపీ పెద్దమనిషిలాంటివాడే ఒకడు తన టోపీ తీశాడు, ఎందుకు తీశాడో అతనికే తెలిసినట్టు లేదు. అక్క, తమ్ముడు కంకర బాట మీద గేటువైపు నడిచారు. కమేలియా పొదల దగ్గర వెర్నీస్ ఆగింది.

“వీటిలో నువ్వు పెట్టినవి ఉన్నాయా? అదీ అబద్ధమేనా?”

“ఆ వరసంతా నాదే. పూలు చలికాలంలో వస్తాయి.”

ఆమె ఒక ఆకు వేళ్ల మధ్య నలిపి చూసి, అతని భుజం పట్టుకుని మళ్లీ నడక సాగించింది.

తర్వాతి గుంపు కోసం గంట మోగింది. చెక్కబల్ల మీద వెండి పళ్లెం మూత లేకుండా అలాగే ఉంది, అందులో రెండు తెల్ల గ్లౌజులు, వాటి మీద చిలగడదుంప తొక్కలు.