మూడో బటన్

నా తోడికోడలిని నేనెప్పుడూ నమ్మలేదు. కంపెనీ ఇద్దరం కలిసి పెట్టాం, నిజమే. లిఫ్టు మోటారు చప్పుడు విని అది ఎప్పుడు మొరాయిస్తుందో ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ మాది. రాసింది నేను, అమ్మేది తను. మూడేళ్ళు నేను మోటారు గదుల్లో గ్రీజు పూసుకుని చప్పుళ్ళు రికార్డు చేస్తే, తను ఇస్త్రీ నలగకుండా మీటింగులకు వెళ్ళి ‘మేం కనిపెట్టాం’ అని చెప్పుకొచ్చేది. ఆ ‘మేం’ వింటే నాకు ఒళ్ళు మండేది.

ఆ రోజు పెట్టుబడి పెట్టేవాళ్ళ ఆఫీసులో, పదకొండో అంతస్తులో, ఒప్పందం కాగితాలు మా ముందుకు తోశారు. అవతల కూర్చున్న పెద్దమనిషికి నేను పెట్టుకున్న పేరు కళ్ళజోడు. మాట్లాడేటప్పుడు దాన్ని తీసి తుడుస్తూ ఉంటాడు, ఎదుటివాళ్ళ మొహం చూడాల్సిన పని తప్పుతుందని. మూడో పేజీలో కంపెనీ అధిపతిగా తోడికోడలి పేరుంది. నా పేరు పక్కన ‘సలహాదారు’ అని ఉంది. సంతకం పెట్టకపోతే కంపెనీ నెలాఖరుకు మూతపడుతుందని ఆ గదిలో అందరికీ తెలుసు.

“ఒకే ఇంటివాళ్ళు ఇద్దరు పైన ఉంటే వంటింటి గొడవలు ఆఫీసుకొస్తాయండీ,” అన్నాడు కళ్ళజోడు. “మీ పని ఎలాగూ అయిపోయింది కదా. మిగతాది మా ఇంజనీర్లు చూసుకుంటారు.”

తోడికోడలి వైపు చూశాను. తన మొహంలో ఆశ్చర్యం లేదు. ముందే తెలుసన్నమాట.

“అయిపోలేదు సార్,” అంది తను తాపీగా, గోడమీది తెర మీద మా సాఫ్ట్‌వేర్ చూపిస్తూ. “ఆ మూడో బటన్ చూశారా? లిఫ్టు ఏ రోజు ఆగుతుందో చెప్పాల్సింది అదే. ఇంకా పనిచేయట్లేదు. అక్కకి ఆర్నెల్ల పనుంది. అప్పటిదాకా తనని కదపకూడదని రాయండి.”

కళ్ళజోడు విసుక్కుంటూనే కలం తీసి కాగితం అంచున రాశాడు. “మూడేళ్ళలో కానిది ఆర్నెల్లలో అవుతుందంటారా?” అన్నాడు నాతో.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ బటన్ పని పొద్దున్నే పూర్తిచేశాను, పదిసార్లు పరీక్షించాను. నా కుర్చీ లాక్కున్నది చాలక, నాకు పని చేతకాదని నలుగురిలో చెబుతోందా?

“పొద్దున్నే అయిపోయింది,” అన్నాను. లేచి వెళ్ళి బటన్ నొక్కాను. చప్పుడు వినే మా పరికరం ఆ భవనం లిఫ్టు మోటారుకే అంటించి ఉంది. తెర మీద అక్షరాలు వచ్చాయి: తొమ్మిది రోజులు, బేరింగు లోపం.

కళ్ళజోడు మొదటిసారి నా మొహంలోకి చూశాడు. “చాలా బాగుంది,” అన్నాడు. అని, అంచున రాసిన ఆర్నెల్లూ కొట్టేశాడు.

సంతకాలయ్యాక ఇద్దరం లిఫ్టు ముందు నిలబడ్డాం.

“నిన్ను పక్కన పెట్టేస్తారని నిన్ననే తెలిసింది. ఎంత బతిమాలినా వినలేదు,” అంది తోడికోడలు. “పొద్దున నువ్వు పరీక్షిస్తుంటే వెనకే నిలబడి చూశానక్కా. పనిచేస్తుందని తెలిసే అలా చెప్పాను. ఆర్నెల్లు దొరికితే ఏదో ఒకటి చేసేవాళ్ళం.”

“నాకు ముందే చెప్పొచ్చుగా.”

“చెబితే గడప దాటకముందే వాళ్ళతో పోట్లాడేదానివి.”

లిఫ్టు వచ్చింది. తను ఎక్కి, నా కోసం తలుపు పట్టుకుంది. నేను మెట్ల వైపు నడిచాను. పదకొండు అంతస్తులు దిగినా తన మీద కోపం వదులుకోలేదు. వదిలితే అదంతా నా మీదికే వస్తుంది.