మరిది వేసుకున్న చేతి తొడుగులు

మా ఆయన సాయంత్రం నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వరండాలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి. నేను కూర్చోమనలేదు. కూర్చుంటే ఇక నోరు తెరవడని నాకు తెలుసు.

పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డులో ఆయన మేస్త్రీ. తెల్లారితే మరిది కూడా అక్కడే పనిలో చేరాలి. మరిదికి ఈమధ్యనే పెళ్ళయింది. పోయిన వారం ఈయనే మాట్లాడి పని కుదిర్చాడు. ఆ మర్నాడే డాక్టరు ఈయన రక్తపరీక్ష చూసి అసలు సంగతి చెప్పాడు. సీసం ఒంట్లో చేరి మగ హార్మోను సరిగా తయారుకానివ్వడం లేదట. మాకు పిల్లలు కలగకపోవడానికి అదే కారణం కావచ్చట. పని మానేస్తే మళ్ళీ పుంజుకోవచ్చట. బయటికి రాగానే ఈయన, ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఇన్నేళ్ళూ మాటలు పడ్డది నేను, పరువు మాత్రం ఆయనది. ఒళ్ళు మండినా ఒట్టు తప్పలేదు.

అన్న తెచ్చిన పాత తొడుగులు వేసుకుని మరిది అద్దంలో చూసుకుంటున్నాడు.

"అక్కడ పొగెక్కువరా. వేరే పని చూద్దాం," అన్నాడు మా ఆయన.

"నీకు పడిన పొగ నాకు పడదా?"

"ఓనరు మంచోడు కాదు."

"నిన్నటిదాకా దేవుడన్నావుగా. నేనొస్తే నీ పెత్తనం పోతుందనా, అన్నయ్యా?"

తువ్వాళ్ళు మడతపెడుతున్న అత్తగారు నవ్వారు. "వాణ్ణి వెళ్ళనీరా. వాడి పెళ్ళామైనా నాకో మనవణ్ణి కనిస్తుంది."

నావైపు చూడకుండానే అన్నారు. ఆవిడకు ఎప్పుడూ చూడాల్సిన పని పడలేదు.

ఆయన నడక ఆగింది.

"నా పెళ్ళాంలో లోపమేం లేదమ్మా. నాలో ఉంది. ఆ సీసం నా ఒంట్లో మగ హార్మోనుని దెబ్బతీసిందని పరీక్షలో తేలింది. వీడికీ అదే గతి పట్టకూడదు."

మరిది నవ్వబోయి, అన్న మొహం చూసి మానేశాడు. తొడుగులు లాగి నేలమీద పడేసి, కుళాయి దగ్గరికెళ్ళి మోచేతులదాకా సబ్బుతో తోముకున్నాడు. అత్తగారు మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడతపెట్టారు.

"మరి నువ్వు రేపు వెళ్తావా అన్నయ్యా?" తిరిగొచ్చి మెల్లగా అడిగాడు మరిది.

ఆయన వంగి తొడుగులు తీసుకున్నాడు. ఇల్లు నడిచేది ఆ జీతంతోనే. మళ్ళీ వరండా వైపు అడుగు వేశాడు. నాకు భయమేసింది.

అత్తగారు ఈసారి నావైపు చూశారు, నువ్వైనా చెప్పమన్నట్టు.

"వెళ్ళడు," అన్నాను, ఆయన చేతిలోంచి తొడుగులు లాక్కుని.