నూనె మిల్లు ఇంట్ల ఇనుప కడ్డీలు

"తాతా, నిజం చెప్పు. ఈ జాగ నా దగ్గర చవకగ కొనాలని ఎవరో నిన్ను పంపిండ్రు గదా?"

అశ్రిత నన్నడిగిన మొదటి మాట ఇది. మేడ్చల్ స్టేషన్ ఎనుక మూతబడ్డ పల్లీనూనె మిల్లును కొని ఇల్లుగ మార్చుకుంటున్నదామె. నేను ముర్తుజాను, ఆ మిల్లుల ముప్పై ఏండ్లు పనిచేసినోణ్ణి. గేటు తెరిచుంటే లోపలికి పోయిన.

ఇల్లు మాత్రం మస్తుగుంది. మూడు లారీలు తిరిగేంత హాలు. సగం ఎత్తుల చెక్కల అంతస్తు, దాని మీద మంచం.

"లాఫ్ట్ అంటరు దీన్ని," అన్నది.

"మా ఇంట్ల అటక మీద పాత గిన్నెలు, పిల్లి ఉంటయి బిడ్డా. నువ్వెందుకు ఎక్కుతున్నవ్?"

నవ్వలేదు.

పైకి చూసిన. రెండు గోడలను కలిపి పట్టుకునే ఇనుప కడ్డీలు ఐదుండాలె. మూడే ఉన్నయి. వెల్డర్ పరమేశ్ ఇంకోదాని కింద నిచ్చెన ఏస్తున్నడు.

"అవి కోస్తే గోడలు బయటికి ఒరుగుతయి. నువ్వు మంచంతో సహా కిందికొస్తవ్," అన్న.

"ముర్తుజా చిచ్చా మాట నమ్మకు మేడం," అన్నడు పరమేశ్. "షామీర్‌పేట చెరువుల చేప బస్సును మింగిందన్నడు పోయినేడు."

"మింగలే. గుంజింది. కండక్టర్ విజిలేస్తే ఇడిసిపెట్టింది. ఉన్నదే చెప్పాలె."

అశ్రిత కండ్లు ఇంకింత చిన్నగైనయి.

గోడ మీది పగులు చూపెట్టిన. "అది పాతదే," అన్నది. మిల్లుల పగులు కనపడితే ఆడకూలీలు గాజుముక్కను దాని మీద అడ్డంగ సున్నంతో అతికేటోళ్లు. గోడ కదిలితే గాజు ఇరుగుతది. నేనూ అట్లనే అతికిన. రెండు రోజులు పని ఆపమని బతిమాలితే సరేనన్నది.

మూడోనాడు పొద్దున గాజు రెండు ముక్కలైంది.

"నువ్వే ఇరిచినవ్," అన్నదామె.

చేపను నమ్మనోళ్లు గాజును నమ్ముతరా?

ఈసారి తనే అతికింది, ఒకటి గాదు, నాలుగు. గేటుకు తాళమేసి తాళంచెవి మెడల ఏసుకుంది. నన్నూ పరమేశ్‌నూ గేటు దాటనియ్యలేదు. రెండు రోజులైనంక ఒక్కతే లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. వచ్చినంక ముఖం సున్నం లెక్క తెల్లగుంది.

"నాలుగూ ఇరిగినయి," అన్నది. "పరమేశ్, కోసిన కడ్డీలేవి?"

పరమేశ్ తల గోక్కున్నడు. "పాత ఇనుము దుకాణంల అమ్మిన మేడం."

"జల్దీ కారెక్కు. తాతా, నువ్వు గుర్తుపడతవా వాటిని?"

"గుర్తుపట్టుడేంది బిడ్డా, పేరు పెట్టి పిలిస్తే లేచొస్తయి."

కారు ఎనుక తలుపు తెరవబోయిన. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు సీట్ల కూసో. నీ చేతులు నాకు కనపడాలె."