శ్మశానంలో ‘వెళ్లొస్తాను’

మా నగరంలోని పాత శ్మశానంలో దయ్యం ఉందని నమ్మేవాళ్లంతా ఒకసారి నా దగ్గరికి రండి. ఆ దయ్యం ఇంటికి కర్టెన్లు కుట్టిపెట్టింది నేనే. ఆ దయ్యం మా అక్క.

శ్మశానం మాత్రం నిజంగానే పాతది. రెక్క విరిగిన రాతి దేవదూతలు, అక్షరాలు చెరిగిపోయిన సమాధులు, వాటి మీద పాకిన తీగలు. చూడ్డానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. సాయంత్రమైతే చాలు, సమాధుల మధ్య ఒక ఆడగొంతు ‘వెళ్లొస్తానండీ’ అంటుందని, అన్న ప్రకారం మర్నాడు మళ్లీ వస్తుందని గైడ్లు కథ అల్లారు. ఆ కథను నా కుట్టు దుకాణానికే వచ్చి నాకే చెప్పారు, చూడండి ఖర్మ!

అసలు సంగతి ఇదీ. మా బావ వాచీలు బాగుచేసేవాడు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, కంటికి భూతద్దం, చేతిలో పట్టకారు. అక్కది పోస్టాఫీసులో కౌంటరు ఉద్యోగం. పొద్దున్నే గడప దాటేది తనే కనుక, రోజూ “వెళ్లొస్తానండీ” అని చెప్పి వెళ్లేది. ‘వెళ్తున్నాను’ అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా రాదు. బావ పోయి ఏడాది దాటింది. ఆ పాత శ్మశానంలో వాళ్ల పెద్దల సమాధుల పక్కన కాస్త జాగా మిగిలి ఉంటే అక్కడే పెట్టారు. అక్క రిటైరైంది, ఇక అడ్డేముంది? రోజూ వెళ్లి అక్కడే కూర్చుంటుంది. లేచేటప్పుడు అలవాటుకొద్దీ “వెళ్లొస్తానండీ” అంటుంది. అన్నాక మర్నాడు రాక తప్పదు కదా!

ఊరికే కూర్చుంటే నాకేం పోయింది? కానీ వేరే ఊళ్లో ఉన్న అక్క కూతురికి నెలలు నిండుతున్నాయి. మంచం దిగొద్దంది డాక్టరమ్మ. అల్లుడిది షిఫ్టుల ఉద్యోగం, ఇంట్లో మరో మనిషి లేదు. “అమ్మా, నాకు భయంగా ఉంది, వస్తావా రావా?” అని ఆ పిల్ల ఫోన్లో ఏడుస్తోంది. అక్కేమో, “రేపు వస్తానని మీ నాన్నకు చెప్పానమ్మా” అంటోంది. నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాటి బస్సుకు టిక్కెట్లు తీసి, నేరుగా శ్మశానానికే వెళ్లాను.

అక్క తెల్ల శాలువా కప్పుకుని సమాధి అరుగు మీద కూర్చుని ఉంది.

“లే అక్కా. ఇవాళ్టికి ‘వెళ్తున్నాను’ అని చెప్పేసి రా. పీడా వదులుతుంది.”

“ఛీ, అదేం మాటే! మొగుడితో ఎవరైనా అలా అంటారా? అశుభం.”

“పోయిన మనిషికి ఇంకా అశుభమేమిటే తల్లీ!”

అనేశాక నాలుక కరుచుకున్నాను.

అప్పుడే నల్ల గొడుగు పట్టుకున్న గైడు ఒకడు కొంతమందిని వెంటేసుకుని అటు వచ్చాడు. తెల్ల శాలువాను చూసి వాళ్లలో ఒకావిడ కెవ్వుమంది.

“ఏమయ్యా, మా అక్కను చూపించి డబ్బులు వసూలు చేస్తున్నావా? ఇక్కడ భూతమంటూ ఏదైనా ఉంటే అది మా బావ భూతద్దం ఒక్కటే!” అని విరుచుకుపడ్డాను.

గైడు గొడుగు దించి, “తప్పయిపోయిందమ్మా” అన్నాడు. అన్నవాడు వెళ్లొచ్చు కదా! అక్కకేసి చూసి, “ఆయన మీకు బదులు కూడా చెబుతారా అమ్మా?” అని మెల్లగా అడిగాడు. కథలమ్ముకునే బుద్ధి ఎక్కడికి పోతుంది?

నేను మళ్లీ నోరు చేసుకోబోతే అక్క చెయ్యెత్తి ఆపింది.

“ఇప్పుడు కాదు బాబూ. ఉన్నప్పుడు చెప్పేవారు.”

“ఏమని?”

“ఏముంది, పనిలో పడితే తలెత్తేవారు కాదు. నేను ‘వెళ్లొస్తానండీ’ అంటే, ‘ఊఁ, తొందరేం లేదు, నెమ్మదిగా రా’ అని...”

అక్క అక్కడే ఆగిపోయింది. శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ పోయిననాడు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. నేను పక్కన కూలబడి వీపు నిమిరాను. నాకూ కన్నీళ్లు ఆగలేదు. గైడు ఏమనుకున్నాడో, తన మనుషులను వేరే దారిన తీసుకుపోయాడు.

కాసేపటికి అక్క ముక్కు తుడుచుకుని లేచింది. రాతి మీద పడ్డ ఆకులను చేత్తో తోసింది. “వెళ్లొస్తానండీ” అంది, రోజూ అన్నట్టే. అని, కొంచెంసేపు అలాగే నిలబడింది. తర్వాత నా వైపు తిరిగింది.

“తొందరేం లేదటే.”

అక్క చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచాను.

“అమ్మాయి వాళ్ల ఊళ్లో చలెక్కువటగా? స్వెట్టర్లు కూడా పెట్టుకోనా?” అని అడిగింది.

“ఉన్నవన్నీ పెట్టుకో అక్కా” అన్నాను.